షేల్ పొరలో పగులు ఎంత పాకుతుంది: గోదావరి డెల్టా బావికి ఫ్రాక్ మోడల్ కట్టే పద్ధతి

కృష్ణా–గోదావరి బేసిన్‌లో షేల్ పొరకు ఫ్రాక్చరింగ్ మోడల్ (ఒత్తిడితో ద్రవం పంపి రాయిని పగలగొడితే ఏమవుతుందో చూపే లెక్క) కట్టే పని మీ చేతికి వస్తే సాఫ్ట్‌వేర్ జోలికి తర్వాత వెళ్లండి. ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. పగులు లోపలి ద్రవ ఒత్తిడిలోంచి, దాన్ని మూసెయ్యాలని చూసే రాతి ఒత్తిడి తీసేస్తే మిగిలేదాన్ని నెట్ ప్రెషర్ అంటాం. పగులును ముందుకు నెట్టేది అదే. అది చాలా చిన్న అంకె. ఈ వ్యాసంలో వేసే లెక్కలో అది 1.3 మెగాపాస్కల్, అంటే సుమారు 190 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పాయిజన్ నిష్పత్తి (రాయిని ఒక వైపు నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 0.05 తప్పితే మూడు మెగాపాస్కల్ తేడా వస్తుంది. పైపు ఫ్రిక్షన్ అంచనా పది శాతం తప్పితే 300 పీఎస్ఐ పోతుంది. వెతుకుతున్న అంకె కన్నా చేసే తప్పులే పెద్దవి. అందుకే ఏ పొరలో మూసే ఒత్తిడి ఎంతో కొలిచి తేల్చుకోవడం మీద సగం శ్రమ పెట్టండి. మిగతా సగంతో మోడల్ నడుస్తుంది.

ఇక్కడ వాడిన అంకెలు ఏ ఒక్క బావివీ కావు, లెక్క చేతికి రావడానికి తీసుకున్నవి. 3,200 మీటర్ల లోతు, 30 మీటర్ల మందం ఉన్న షేల్ పొర అనుకుందాం.

పొరల పట్టిక

మన డెల్టా కింద పొరల వరుస కింది నుంచి పైకి ఇలా ఉంటుంది: పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం బొగ్గు–షేల్ పొరలు, వాటి మీద మండపేట ఇసుకరాయి, ఆపైన గొల్లపల్లి ఇసుకరాయి, క్రెటేషియస్ కాలపు రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి, రాజోలు బసాల్టు, పాలకొల్లు షేల్, పాశర్లపూడి పొరలు. అన్ని చోట్లా అన్నీ దొరకవు. మండపేట, గుడివాడ, బంటుమిల్లి గ్రాబెన్లలో (ఫాల్టుల మధ్య కిందికి కుంగిన పల్లాలు) మందంగా పేరుకున్న పొరలు తణుకు, కైకలూరు హార్స్ట్‌ల (వాటి మధ్య ఎత్తుగా మిగిలిన దిబ్బలు) మీద పలచబడతాయి, కొన్ని అసలు ఉండవు. పక్క బావి పట్టికను తెచ్చి మీ బావికి అతికించకండి. మధ్యలో ఒక్క ఫాల్ట్ (పొరలు తెగి జరిగిన చోటు) ఉన్నా లెక్క మారిపోతుంది.

మీ షేల్‌కు పైన కనీసం 100 మీటర్లు, కింద 100 మీటర్లు పట్టికలో ఉండాలి. పొరలను మూడు నుంచి ఐదు మీటర్ల ముక్కలుగా చేయండి. ఒకటి రెండు మీటర్ల గట్టి సున్నపురాయి పట్టీ గానీ మెత్తటి బంకమట్టి పట్టీ గానీ కనిపిస్తే దాన్ని సగటులో కలిపెయ్యకుండా విడిగా ఉంచండి. పగులు ఎత్తును ఆపేది చాలాసార్లు అలాంటి పట్టీయే. కొబ్బరితోటలు, చెరువుల మధ్య సైటు దొరికిన చోట నుంచి తవ్విన ఏటవాలు బావుల్లో తవ్విన పొడవు వేరు, నిట్టనిలువు లోతు వేరు. ఒత్తిడి లెక్కలన్నీ నిట్టనిలువు లోతు మీదే వేయాలి. లాగ్ (బావిలోకి పరికరం దించి తీసిన కొలత) లోతు రిగ్ టేబుల్ నుంచా, సముద్రమట్టం నుంచా అన్నది పట్టిక తలమీదే రాయండి.

రాయి గట్టిదనం

డైపోల్ సోనిక్ లాగ్, డెన్సిటీ లాగ్ రెండూ కావాలి. సోనిక్ విలువ అడుగుకు ఇన్ని మైక్రోసెకన్లని వస్తుంది. 304.8ని దానితో భాగిస్తే వేగం సెకనుకు కిలోమీటర్లలో వచ్చేస్తుంది. కంప్రెషనల్ 80, షియర్ 138 అయితే వేగాలు 3.81, 2.21. సాంద్రత 2.5 అనుకుంటే పాయిజన్ నిష్పత్తి సుమారు 0.247, డైనమిక్ యంగ్ గుణకం (ధ్వని వేగం నుంచి తేలిన గట్టిదనం) 30.4 గిగాపాస్కల్ తేలుతుంది.

ఈ 30.4ని నేరుగా మోడల్‌లో పెట్టకూడదు. ధ్వని తరంగం రాయిని అతి స్వల్పంగా, అతి వేగంగా కదుపుతుంది. పగులు దాన్ని నెమ్మదిగా, ఎక్కువగా వంచుతుంది. కోర్ ముక్కల మీద ట్రయాక్సియల్ పరీక్ష చేసి వచ్చే స్టాటిక్ విలువ సాధారణంగా తక్కువే ఉంటుంది. మీ కోర్ నిష్పత్తి 0.82 వచ్చిందనుకుంటే 25 గిగాపాస్కల్. దాన్ని (1 − 0.25²)తో భాగిస్తే ప్లేన్ స్ట్రెయిన్ గుణకం 26.7 గిగాపాస్కల్. మున్ముందు లెక్కలన్నిటికీ ఇదే వాడతాం.

షేల్ పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి అడ్డంగా ఒక గట్టిదనం, నిలువుగా ఇంకొకటి ఉంటాయి. కోర్‌ను రెండు దిక్కుల్లోనూ కోయించండి. 45 డిగ్రీల ముక్క కూడా తీయిస్తే ఇంకా మంచిది. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో కింద చూద్దాం.

మూసే ఒత్తిడి: ముందు లెక్క, తర్వాత కొలత

పైనున్న రాయి బరువు డెన్సిటీ లాగ్‌ను నేలమట్టం దాకా కూడితే వస్తుంది. డెల్టాలో పైన ఉన్నది మెత్తటి ఒండ్రు, అక్కడ లాగ్ చాలాసార్లు ఉండదు. దాని సాంద్రతను లోతు పొరల సాంద్రతతో నింపితే బరువు ఎక్కువ చూపిస్తుంది. మన ఉదాహరణలో సగటు మీటరుకు 22.56 కిలోపాస్కల్, మొత్తం 72.2 మెగాపాస్కల్ అనుకుందాం. రంధ్రాల్లోని ద్రవ ఒత్తిడి మీటరుకు 14 కిలోపాస్కల్, అంటే 44.8. ఇది నీటి ఒత్తిడి కన్నా బాగా ఎక్కువే. ఈ బేసిన్ లోతు పొరల్లో అధిక పీడనం కొత్త సంగతి కాదు. మీ బావికి ఎంతో మడ్ వెయిట్ (తవ్వేటప్పుడు వాడిన బురద సాంద్రత) రికార్డు నుంచీ, కొలతల నుంచీ తెచ్చుకోండి.

బయో గుణకం (ద్రవ ఒత్తిడిలో లెక్కకు వచ్చే వంతు) 0.9 అయితే ద్రవం మోసే భాగం 40.3. మిగిలిన 31.9ని పాయిజన్ నిష్పత్తి ÷ (1 − పాయిజన్ నిష్పత్తి)తో, అంటే 0.25 దగ్గర మూడో వంతుతో గుణిస్తే 10.6. రెండూ కలిపితే అడ్డంగా పనిచేసే కనిష్ఠ ఒత్తిడి 50.9 మెగాపాస్కల్. అదే లోతులో బంకమట్టి ఎక్కువున్న పొరకు పాయిజన్ నిష్పత్తి 0.30 పెట్టండి: 54.0 వస్తుంది. తేడా 3.1. పగులును పైకి పోకుండా ఆపేది ఈ తేడానే. ఇక దిక్కుల తేడా సంగతి: అడ్డం గట్టిదనం నిలువుకు 1.4 రెట్లు ఉంటే ఆ 10.6 కాస్తా 14.9 అవుతుంది, ఒత్తిడి 55.2కి పోతుంది. కోర్ ఒక్క దిక్కులోనే కోసి ఉంటే ఈ నాలుగు మెగాపాస్కల్ మీకు కనిపించనే కనిపించదు.

కాబట్టి ఈ లెక్కను నమ్మి ముందుకు పోకూడదు. డీఫిట్ పరీక్ష చేయించండి. మెయిన్ ఫ్రాక్‌కు ముందు, ప్రాపెంట్ (పగులు మూసుకోకుండా నిలబెట్టే ఇసుక) లేకుండా, ఐదు నుంచి పది ఘనపు మీటర్ల నీటిని నిమిషానికి అర నుంచి ఒక ఘనపు మీటరు చొప్పున పంపి ఆపేసి, ఒత్తిడి పడిపోవడాన్ని గమనించే పరీక్ష ఇది. దీన్ని పాడుచేసేవి ఎప్పుడూ అవే నాలుగు:

ఒకటి, బావిలో గాలి గానీ గ్యాస్ గానీ మిగలడం. ముందే నీటితో పూర్తిగా నింపాలి. రెండు, పెద్ద స్కేలు గేజ్ పెట్టడం. ఒక పీఎస్ఐ మార్పు కూడా తెలిసే గేజ్ కావాలి, మొదటి గంట సెకనుకొక రీడింగ్ తీయాలి. మూడు, వాల్వు కారడం. చుక్క చుక్కగా కారినా చివరి గంటల డేటా అంతా పోయినట్టే. నాలుగోది తొందర. షేల్‌లో మూసుకోవడానికే గంటలు పడుతుంది, రంధ్రాల ఒత్తిడి తేలాలంటే రోజులు పడుతుంది. రిగ్గు అద్దె లెక్క చూపించి పన్నెండు గంటలకే ఆపేద్దామని ఒత్తిడి వస్తుంది. రిగ్గు అవసరం లేకుండా వెల్‌హెడ్ మీద గేజ్ వదిలేసి వెళ్లే ఏర్పాటు ముందే చేసుకుంటే ఆ గొడవ ఉండదు.

పంపు ఆపగానే వచ్చే ఊగిసలాట వాటర్ హ్యామర్. దాని మధ్యగా గీత గీసి వెనక్కి పొడిగిస్తే ఆపిన క్షణపు ఒత్తిడి, ఐసిప్, దొరుకుతుంది. తర్వాత నోల్టే జీ-ఫంక్షన్ గ్రాఫు వేయండి, అంటే పంపు ఆపాక గడిచిన కాలాన్ని జీ అనే కొలతగా మార్చి ఒత్తిడితో గీసేది. జీతో గుణించిన డెరివేటివ్ మూలం నుంచి వచ్చే సరళరేఖను వదిలి కిందికి వంగే చోటును మూసుకున్న బిందువుగా తీసుకోవడం పాత పద్ధతి. పగులు గోడలు మొదట తాకే చోటు అంతకన్నా ముందే ఉంటుందని, దాన్ని పగులు బిగుతు మార్పు నుంచి పట్టాలని ఇంకో పద్ధతి చెబుతుంది. రెండిటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా వస్తుంది. ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని దాచకండి. రెండు విలువలూ రాసి మోడల్‌ను రెండిటితోనూ నడపండి. గ్రాఫు సరళరేఖకు పైన ఉబ్బితే సహజ పగుళ్లు తెరుచుకుని నీరు తాగుతున్నాయని అర్థం. ఆ సంగతి లీకాఫ్ (పగులులోంచి రాతిలోకి ఇంకిపోయే ద్రవం) లెక్కలో పనికొస్తుంది.

కొలత 52.4 వచ్చిందనుకోండి, లెక్క 50.9. ఈ 1.5 తేడాను అన్ని పొరలకూ సమానంగా కలిపేస్తుంటారు. అలా చేయకండి. భూమి పక్కల నుంచి నొక్కితే గట్టి పొర ఎక్కువ ఒత్తిడి మోస్తుంది, మెత్తటిది తక్కువ మోస్తుంది. 1.5ని 26.7 గిగాపాస్కల్‌తో భాగిస్తే 0.000056 స్ట్రెయిన్. దాన్ని ప్రతి పొర గుణకంతోనూ గుణించి కలపండి. బంకమట్టి పొర గుణకం 15 గిగాపాస్కల్ అయితే దానికి కలిసేది 0.84 మాత్రమే. అప్పుడు దాని ఒత్తిడి 54.8, షేల్‌ది 52.4. తేడా 3.1 నుంచి 2.4కి దిగింది.

చేతి లెక్క

సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబు నమ్మదగిందో కాదో తేల్చుకోవడానికి ముందు కాగితం మీద ఒక జవాబు ఉండాలి. ఎత్తు కన్నా పొడవు బాగా ఎక్కువగా ఉండే పగులుకు 1961 నాటి పెర్కిన్స్–కెర్న్ నమూనా, దానికి 1972లో నోర్డ్‌గ్రెన్ చేసిన మార్పు సరిపోతాయి. పీకేఎన్ అని మనం పిలిచేది ఇదే.

మొత్తం రేటు నిమిషానికి 75 బ్యారెళ్లు, అంటే సెకనుకు 0.2 ఘనపు మీటర్లు. నాలుగు క్లస్టర్లకు (బావి గొట్టంలో వేసిన రంధ్రాల గుత్తులు) సమానంగా పంచితే ఒక్కోదానికి 0.05, పగులుకు రెండు రెక్కలు కాబట్టి రెక్కకు 0.025. స్లిక్‌వాటర్ (ఫ్రిక్షన్ తగ్గించే మందు కలిపిన నీరు) స్నిగ్ధత 5 సెంటీపాయిజ్, అంటే 0.005 పాస్కల్-సెకను. సగం పొడవు 150 మీటర్లు కావాలనుకుందాం. స్నిగ్ధత × రెక్క రేటు × సగం పొడవు ÷ ప్లేన్ స్ట్రెయిన్ గుణకం, దీనికి నాలుగో మూలం తీసి 3.27తో గుణిస్తే బావి దగ్గరి గరిష్ఠ వెడల్పు 3.0 మిల్లీమీటర్లు. 0.628తో గుణిస్తే సగటు 1.88 మిల్లీమీటర్లు. నెట్ ప్రెషర్ అంటే గుణకం × వెడల్పు ÷ (2 × ఎత్తు). 30 మీటర్ల ఎత్తుకు 1.33 మెగాపాస్కల్, మొదట్లో చెప్పిన అంకె ఇదే. స్నిగ్ధత నాలుగో మూలంలో ఉంది కాబట్టి ద్రవాన్ని ఇరవై రెట్లు చిక్కగా చేసినా వెడల్పు 2.1 రెట్లే పెరుగుతుంది. చిక్కటి జెల్ పోస్తే పగులు నోరు తెరుస్తుందన్న ఆశ ఈ లెక్క ముందు నిలవదు.

ఇప్పుడు ఎంతసేపు పంపాలి? ఒక రెక్క ఘనపరిమాణం 150 × 30 × 0.00188 = 8.5 ఘనపు మీటర్లు. ఏమీ ఇంకకపోతే ఐదున్నర నిమిషాల్లో అయిపోతుంది. కార్టర్ పద్ధతిలో ఇంకేది కలపండి: 2 × 1.5 × పగులు ముఖం వైశాల్యం × లీకాఫ్ గుణకం × కాలం వర్గమూలం. రాయి మాత్రమే తాగితే గుణకం 0.00001 మీటర్ పర్ రూట్ సెకను అనుకోండి. ఏడున్నర నిమిషాలు పడుతుంది, ద్రవంలో 75 శాతం పగులులో నిలుస్తుంది. సహజ పగుళ్లు తెరుచుకుని గుణకం ఐదు రెట్లయితే 22 నిమిషాలు, నిలిచేది 26 శాతమే. ఈ ఒక్క అంకె మీదే నీటి మొత్తం మూడు రెట్లు మారింది. డీఫిట్ గ్రాఫులో ఉబ్బు కనిపించినప్పుడు ఎందుకు ఆగి చూడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రాపెంట్‌ను కూడా ఇక్కడే సరిచూడండి. గింజ వ్యాసానికి మూడు రెట్లైనా వెడల్పు లేకపోతే గింజలు వంతెన కట్టి ఇరుక్కుంటాయి. 40/70 మెష్‌లో పెద్ద గింజ 0.425 మిల్లీమీటర్లు, మూడు రెట్లు 1.3, మన 1.88లో పోతుంది. 20/40లో పెద్ద గింజ 0.85, దానికి 2.55 కావాలి. అది స్క్రీనౌట్‌ను, అంటే ఇసుక అడ్డుపడి పంపింగ్ ఆగిపోవడాన్ని, పిలవడమే. దిగిపోవడం సంగతీ ఉంది. 0.3 మిల్లీమీటర్ల ఇసుక గింజ 5 సెంటీపాయిజ్ నీటిలో స్టోక్స్ లెక్కన నిమిషానికి దాదాపు ఒక మీటరు దిగుతుంది. 22 నిమిషాల పంపింగ్‌లో మొదట వెళ్లిన ఇసుక 30 మీటర్ల ఎత్తులో అడుగు భాగానికి చేరిపోతుంది. మోడల్ చూపించే పగులు ఎత్తు వేరు, ఇసుకతో నిలబడి గ్యాస్ ఇచ్చే ఎత్తు వేరు. రిపోర్టులో రెండూ వేర్వేరుగా ఉండాలి.

ఎత్తు ఎక్కడ ఆగుతుంది

చేలో నీళ్లు గట్టు తక్కువున్న చోటే పొర్లుతాయి. పగులు కూడా అంతే, మూసే ఒత్తిడి తక్కువున్న వైపే పాకుతుంది. రెండు వైపులా ఒకే తేడా ఉంటే, రాయి దృఢత్వాన్ని (పగులు పాకకుండా తట్టుకునే శక్తి) పక్కన పెడితే, షేల్ మందం ÷ పగులు ఎత్తు = కొసైన్ (90 డిగ్రీలు × నెట్ ప్రెషర్ ÷ ఒత్తిడి తేడా). నెట్ ప్రెషర్ 1.33 దగ్గర ఉంచి చూడండి. తేడా 3.1 అయితే పగులు ఎత్తు 38 మీటర్లు. స్ట్రెయిన్ సవరణ తర్వాత వచ్చిన 2.4 అయితే 47. తేడా 1.5కి పడిపోతే 170 మీటర్లు.

అసలు బావిలో ఎత్తు పెరిగేకొద్దీ నెట్ ప్రెషర్ తగ్గుతుంది, ద్రవం పైకి పారడానికీ ఒత్తిడి ఖర్చవుతుంది, పొరల మధ్య జారుడు పగులు మొనను ఆపుతుంది. కాబట్టి 170 అన్నది పైహద్దు. అయినా 2.4కీ 1.5కీ మధ్య ఉన్నది ఒక్క మెగాపాస్కల్ లోపే. షేల్ పైన తిరుపతి ఇసుకరాయి, కింద గొల్లపల్లి ఇసుకరాయి ఉన్న చోట ఇంకా జాగ్రత్త. ఇసుకరాయిలో పాయిజన్ నిష్పత్తి తక్కువ ఉంటే మూసే ఒత్తిడి షేల్ కన్నా తక్కువే కావచ్చు, అప్పుడు అడ్డుగోడే లేదు. పగులు నీళ్లున్న ఇసుకరాయిలోకి పోతే బావి గ్యాస్‌కు బదులు నీళ్లు పోస్తుంది.

క్లస్టర్లు, పెర్ఫొరేషన్లు

ఒక పగులు తెరుచుకుంటే పక్క రాయిని నొక్కుతుంది. పగులు మధ్య నుంచి కొంత దూరంలో ఆ అదనపు ఒత్తిడి నెట్ ప్రెషర్‌లో ఎంత భాగమో స్నెడన్ సూత్రంతో తేలుతుంది. 30 మీటర్ల ఎత్తున్న పగులు నుంచి 15 మీటర్ల దూరంలో 65 శాతం, 30 మీటర్ల దూరంలో 28 శాతం, 60 మీటర్ల దూరంలో 9 శాతం. క్లస్టర్లను 15 మీటర్లకు దగ్గర పెడితే మధ్యలో ఉన్నవాటికి రెండు వైపుల నుంచీ నొక్కు పడి, అవి కుంటుతూ ఉంటే చివరివి మాత్రమే పెరుగుతాయి. నాలుగింటికీ సమానంగా పంచాం అన్న మన లెక్క అక్కడే తప్పుతుంది.

దీనికి మందు పెర్ఫొరేషన్ ఫ్రిక్షన్, అంటే బావి గొట్టం రంధ్రాల్లోంచి దూరేటప్పుడు ద్రవం పోగొట్టుకునే ఒత్తిడి. దాని లెక్క: 0.2369 × రేటు వర్గం × ద్రవ సాంద్రత ÷ (డిశ్చార్జ్ గుణకం వర్గం × రంధ్రాల సంఖ్య వర్గం × వ్యాసం నాలుగో ఘాతం). రేటు నిమిషానికి బ్యారెళ్లలో, సాంద్రత గ్యాలన్‌కు పౌండ్లలో, వ్యాసం అంగుళాల్లో ఇస్తే జవాబు పీఎస్ఐలో వస్తుంది. 75 బ్యారెళ్లు, 8.4 సాంద్రత, 0.42 అంగుళాల రంధ్రాలు 24, గుణకం 0.8 అయితే 976 పీఎస్ఐ. క్లస్టర్ల మధ్య రాతి ఒత్తిడి తేడా రెండు మూడు వందల పీఎస్ఐ ఉన్నా ఇది కప్పేస్తుంది. ఇసుక రంధ్రాలను అరగదీసి 0.50 చేస్తే 486కి సగమైపోతుంది. స్టేజి చివర్లో పంపకం చెడేది ఇందుకే. మోడల్‌లో రంధ్రం అరుగుదలను పెట్టకపోతే నాలుగు అందమైన, సమానమైన పగుళ్లు తెరమీద కనిపిస్తాయి, నేల కింద మాత్రం ఉండవు.

ఇక్కడ డెల్టా రోడ్ల సంగతి రాకతప్పదు. వెల్‌హెడ్ దగ్గర 9,000 పీఎస్ఐ, 75 బ్యారెళ్లు అంటే రెండిటినీ గుణించి 40.8తో భాగిస్తే 16,500 హార్స్‌పవర్. 2,000 హార్స్‌పవర్ పంపు ట్రక్కులు తొమ్మిది, పైన ఒకటి రెండు స్పేర్. కాలవ గట్టు రోడ్డు, పాత కల్వర్టు దాటి అవన్నీ సైటుకు చేరతాయా అన్నది లాజిస్టిక్స్ వాళ్లను మోడల్ కట్టకముందే అడగండి. సగం రేటే సాధ్యమైతే వెడల్పు 16 శాతమే తగ్గుతుంది కానీ పెర్ఫొరేషన్ ఫ్రిక్షన్ నాలుగో వంతుకు, 244 పీఎస్ఐకి పడుతుంది. అప్పుడు రంధ్రాల సంఖ్యను సగానికి తగ్గించి మళ్లీ డిజైన్ చేయాలి.

నీరు కూడా అంతే. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. తీరం వైపు బోరు నీరు ఉప్పన. ఫ్రిక్షన్ తగ్గించడానికి కలిపే పాలీఅక్రిలమైడ్ ఉప్పు, కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీటిలో సరిగ్గా విచ్చుకోదు. స్నిగ్ధత పడిపోతుంది, పైపు ఫ్రిక్షన్ పెరుగుతుంది. ల్యాబులో మంచినీటితో కొలిచిన విలువను మోడల్‌లో పెట్టి, సైటులో ఉప్పునీరు వాడితే ఒత్తిడి మ్యాచ్ ఎప్పటికీ కుదరదు. ఏ నీరు వాడతారో ఆ నీటి శాంపిల్‌తోనే, పొర ఉష్ణోగ్రత దగ్గర కొలిపించండి.

న్యూమరికల్ మోడల్

పొరలు సాఫీగా ఉండి ఎత్తు అదుపులో ఉంటే సూడో త్రీడీ (ఎత్తును సులువు సూత్రంతో లెక్కించే మోడల్) చాలు, నిమిషాల్లో నడుస్తుంది. అడ్డుగోడ బలహీనంగా ఉంటే దాన్ని నమ్మొద్దు, అది ఎత్తును అతిగా చూపిస్తుంది. అప్పుడు ప్లేనార్ త్రీడీ (పగులు తలాన్నంతా పూర్తిగా లెక్కించేది) కావాలి. లైసెన్సు కొనలేని విద్యార్థులకు పైఫ్రాక్, జియోస్ ఉచితంగా దొరుకుతాయి. సహజ పగుళ్లు దట్టంగా ఉన్నాయని ఇమేజ్ లాగ్ చూపిస్తేనే పగుళ్ల జాలం మోడల్‌కు వెళ్లండి. దానికి కావలసిన ఇన్‌పుట్లు లేకుండా వెళితే రంగుల బొమ్మ తప్ప ఏమీ రాదు.

మెష్ (లెక్క కోసం రాయిని విడగొట్టే గళ్లు) విషయంలో ఎక్కువమంది తప్పేది కొహెసివ్ ఎలిమెంట్ల (పగులు తెరుచుకునే దారిలో పెట్టే గళ్లు) దగ్గర. రాయి దృఢత్వం 1 మెగాపాస్కల్ రూట్ మీటర్, తన్యత బలం 5 మెగాపాస్కల్ అయితే పగులు మొన దగ్గరి ప్రక్రియా మండలం వీటి నిష్పత్తి వర్గం, అంటే నాలుగు సెంటీమీటర్ల స్థాయిలో ఉంటుంది. అందులో కనీసం మూడు ఎలిమెంట్లు పట్టాలి. 150 మీటర్ల పగులుకు అంత సన్నటి మెష్ అసాధ్యం కాబట్టి మీటరు మెష్ వేసి కానిచ్చేస్తారు. మొన ఒత్తిడి అబద్ధం చెబుతుంది. పొడవాటి పగులుకు మొన దగ్గరి విశ్లేషణాత్మక పరిష్కారాన్ని లోపల పెట్టుకున్న మోడల్ వాడండి, అది ముతక మెష్ మీద కూడా సరిగ్గా నడుస్తుంది.

ఏ కోడ్ అయినా మీ పొరలు ఎక్కించే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఒకే రాయి, లీకాఫ్ సున్నా, ఒకే ఒత్తిడి, దృఢత్వం సున్నా. గుండ్రటి పగులు వ్యాసార్థం = 0.6944 × (రేటు ఘనం × గుణకం × కాలం నాలుగో ఘాతం ÷ పన్నెండు రెట్ల స్నిగ్ధత)కు తొమ్మిదో మూలం. మన అంకెలతో, రేటు 0.05 పెట్టి, 60 సెకన్ల దగ్గర 31 మీటర్లు రావాలి. ఐదు శాతం కన్నా తేడా వస్తే మెష్ గానీ, కాలం అడుగు గానీ, యూనిట్ గానీ తప్పు. యూనిట్లు ముందు చూడండి. ఫీల్డు రిపోర్టులు కేఎస్‌సీలో (చదరపు సెంటీమీటరుకు కిలోలు) వస్తాయి, సర్వీసు కంపెనీ షీటు పీఎస్ఐలో ఉంటుంది, కోడ్ పాస్కల్ అడుగుతుంది. ఒక కేఎస్‌సీ 0.0981 మెగాపాస్కల్, 14.22 పీఎస్ఐ.

ఒత్తిడి మ్యాచ్

ఫ్రాక్ అయ్యాక కొలిచిన ఒత్తిడికీ మోడల్ ఒత్తిడికీ పొంతన కుదర్చాలి. నేలమీద గేజ్‌తో ఇది చేయడం చాలా కష్టం. 3,200 మీటర్ల పైపులో ఫ్రిక్షన్ 3,000 పీఎస్ఐ ఉంటే, పది శాతం అనిశ్చితే నెట్ ప్రెషర్‌ను మింగేస్తుంది. బావి అడుగున మెమరీ గేజ్ పెట్టించండి. కుదరకపోతే రేటును నాలుగైదు మెట్లలో తగ్గించే స్టెప్‌డౌన్ పరీక్ష చేయించండి. పెర్ఫొరేషన్ ఫ్రిక్షన్ రేటు వర్గం లెక్కన పడుతుంది, బావి దగ్గరి వంకరల ఫ్రిక్షన్ రేటు వర్గమూలం లెక్కన పడుతుంది. రెంటినీ అలా విడదీయవచ్చు.

నోల్టే–స్మిత్ గ్రాఫు, అంటే నెట్ ప్రెషర్‌నూ కాలాన్నీ లాగ్ స్కేలు మీద వేసినది, పంపింగ్ జరుగుతుండగానే చూడండి. వాలు ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు మధ్య ఉంటే ఎత్తు అదుపులో ఉండి పొడవు పెరుగుతోంది. సమంగా పోతే ఎత్తు పాకడం గానీ సహజ పగుళ్లు తెరుచుకోవడం గానీ మొదలైంది. వాలు 1కి చేరి లేస్తే స్క్రీనౌట్ దగ్గరపడింది, ఇసుక పంపడం ఆపేయాలి. కిందికి దిగితే పగులు అడ్డుగోడ దాటింది.

మ్యాచ్ కుదరనప్పుడు ఏ గుబ్బ తిప్పాలన్నదానికి ఒక వరుస పాటించండి. ముందు ఫ్రిక్షన్లు, తర్వాత లీకాఫ్, ఆ తర్వాత పొరల మధ్య ఒత్తిడి తేడా, అదీ కొలత హద్దుల్లోనే. యంగ్ గుణకాన్ని కోర్ చెప్పిన హద్దు దాటించకండి. దృఢత్వాన్ని పది రెట్లు పెంచి మ్యాచ్ సాధించడం చాలా తేలిక, చాలా ప్రమాదం కూడా. ఆ స్టేజికి గీత కలుస్తుంది, పక్క స్టేజికి మోడల్ పనికిరాదు. ఒకే ఇన్‌పుట్లతో రెండు స్టేజిలకు కలిస్తేనే నమ్మండి.

మైక్రోసైస్మిక్ పెట్టించే వీలుంటే జియోఫోన్లను పక్క బావిలో దించండి. నేలమీద పరిస్తే డెల్టా ఒండ్రు సంకేతాన్ని తినేస్తుంది, దానికి తోడు బోరు మోటార్లు, చెరువుల్లో రాత్రంతా తిరిగే ఏరియేటర్ల చప్పుడు. అన్ని చుక్కలనూ పగులనుకోకండి, చుట్టుపక్కల పాత పగుళ్లు జారినవీ అందులో ఉంటాయి. ఇసుక అంత దూరం పోలేదు.

రిపోర్టులో ఏముండాలి

ఒకే పొడవు, ఒకే ఎత్తు రాయకండి. మూసే ఒత్తిడికి రెండు విలువలు, ఒత్తిడి తేడాకు మూడు, లీకాఫ్‌కు మూడు, మొత్తం పద్దెనిమిది రన్లు. వాటిలో పగులు అన్నిటికన్నా పైకి పాకిన రన్‌లో దాని పైకొన ఎంత లోతున ఆగిందో మొదటి పేజీలోనే మీటర్లలో చెప్పండి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి మంటలు 65 రోజులు మండాయి. 2014 జూన్ 27న నగరం దగ్గర గ్యాస్ పైపు పేలింది. ఆ రెండిటికీ ఫ్రాక్‌తో సంబంధం లేకపోయినా ఈ ఊళ్లవాళ్లు మన పనిని చూసే చూపులో అవి ఉన్నాయి, ఉండడం న్యాయమే. మా బోరు నీళ్ల సంగతేమిటని గ్రామసభలో అడిగితే చెప్పడానికి ఆ అంకె కావాలి. 3,200 మీటర్ల దగ్గర మొదలైన పగులు గరిష్ఠ రన్‌లో కూడా తాగునీటి పొరకు ఎంత కింద ఆగిందో మోడల్ చెబుతుంది. బావి చుట్టూ సిమెంట్ బాగుందో లేదో మోడల్ చెప్పదు, నీరు పైకి రావడానికి అదే దగ్గరి దారి. కాబట్టి సిమెంట్ బాండ్ లాగ్‌ను కూడా అదే రిపోర్టుకు జతచేయండి. దానితోపాటు పొరల పట్టిక, రెండు మూసుకున్న బిందువులూ గుర్తుపెట్టిన జీ-ఫంక్షన్ గ్రాఫు, నీటి పరీక్ష కాగితం, గుండ్రటి పగులు పరీక్షలో మీ కోడ్ ఇచ్చిన వ్యాసార్థం పెట్టండి.